పక్షుల కోసం బతికిన సలీం అలీ

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాసుకోవడం మనకు ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, పూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి ఎన్నోసార్లు రాసుకున్నాం, చదువుకున్నాం. ఈసారి కాస్త వేరే దారిలో నడిచిన ఒక మనిషిని పరిచయం చేయాలనుకున్నాం. ఆయన పేరు సలీం అలీ. మన దేశంలో పక్షి శాస్త్రానికి పెద్దదిక్కుగా నిలిచిన వ్యక్తి.

పక్షుల గురించి మనకెందుకు అని కొందరు మిత్రులు అడిగారు. మనలో చాలామందిమి చెరువు పక్కనో, కాలువ గట్టునో ఉన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. గేదెల వెంట తిరిగేటప్పుడు వాటి వీపు మీద వాలిన తెల్లకొంగలను చూశాం. దమ్ము చేసిన పొలంలో నాగలి వెనుక నడిచే కొంగలను చూశాం. తాటిమట్టలకు వేలాడే గిజిగాడి గూళ్ళు కోసి తెచ్చి ఆడుకున్నాం. జాషువా గారి గిజిగాడు పద్యాలు బట్టీపట్టి అప్పజెప్పాం. కానీ ఆ గూడు కట్టేది మగదా ఆడదా అని ఎవరైనా అడిగితే మనలో ఎంతమందిమి చెప్పగలం? రోజూ కళ్ళ ముందు ఉన్నదాన్ని కూడా మనం సరిగ్గా చూడలేదు. జీవితమంతా అలా చూడటానికే ఖర్చు చేసిన మనిషి సలీం అలీ.

పసుపు మచ్చ ఉన్న పిచ్చుక

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పెద్ద కుటుంబంలో అందరికంటే చిన్నవాడు. ఏడాది వయసులో తండ్రి పోయారు. మూడేళ్ళ వయసులో తల్లి కూడా పోయారు. తోబుట్టువులతో పాటు ఆయనను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం పెంచారు. వారికి పిల్లలు లేరు.

ఇక్కడ ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. సలీం అలీ తల్లిదండ్రులు లేని పిల్లవాడే గానీ పేదవాడు కాదు. త్యాబ్జీలు బొంబాయిలో పేరున్న కుటుంబం. స్వాతంత్ర్య పోరాటంలో ఉన్నవారు, పెద్ద చదువులు చదివినవారు ఆ ఇంట్లో ఉన్నారు. ఆయన ఎదుర్కొన్న కష్టాలూ మన కష్టాలూ ఒకటే అని చెబితే అది అబద్ధం అవుతుంది. అయినా ఆయనకు కూడా దారులు మూసుకున్న రోజులు ఉన్నాయి. అప్పుడు ఆయన ఏం చేశారన్నది మనకు పనికివస్తుంది.

చిన్నప్పుడు సలీంకు వేట అంటే ఇష్టం. మేనమామ కొనిచ్చిన గాలి తుపాకీతో పిచ్చుకలను కొట్టేవాడు. పదేళ్ళ వయసులో ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు దగ్గర పసుపు మచ్చ కనిపించింది. మామూలు ఊరపిచ్చుకకు అలాంటి మచ్చ ఉండదు. ఇది ఏ పిట్ట అని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. మేనమామ ఒక ఉత్తరం ఇచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. ఆ సంస్థ 1883లో ఏర్పడింది. అప్పుడు దాని కార్యదర్శి మిలార్డ్ అనే ఇంగ్లీషు దొర. పిల్లవాడు భయంభయంగా లోపలికి వెళ్ళాడు. దొర విసుక్కోకుండా పిట్టను చూసి, దాని పేరు చెప్పి, సొరుగులు తెరిచి రకరకాల పిచ్చుకల నమూనాలు ఎన్నో చూపించారు. పక్షుల చర్మాలు చెడిపోకుండా ఎలా భద్రపరచాలో, వివరాలు ఎలా రాసుకోవాలో నేర్చుకునే ఏర్పాటు చేశారు. చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చారు. సలీం అలీ జీవితం ఆ రోజే మలుపు తిరిగింది. డెబ్బై అయిదేళ్ళు దాటాక, 1985లో వచ్చిన తన ఆత్మకథకు కూడా ఆయన ఒక పిచ్చుక నేలరాలడం గురించిన పేరే పెట్టుకున్నారు.

ఒక పిల్లవాడు తెచ్చిన ప్రశ్నకు ఒక పెద్దమనిషి అరగంట సమయం ఇస్తే ఏం జరుగుతుందో ఇక్కడ తెలుస్తుంది. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలని కోరుతున్నాం.

డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు

సలీం అలీ బడిలో మెరిక ఏమీ కాదు. తరచూ తలనొప్పితో బాధపడేవారు. చదువు మధ్యలో ఆగుతూ సాగింది. 1913లో అతికష్టం మీద మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరారు గానీ మొదటి ఏడాదితోనే చదువు మానేశారు. కుటుంబానికి బర్మాలోని తవోయ్ అనే చోట గనుల వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి. అవి చూసుకోవడానికి వెళ్ళారు. చుట్టూ దట్టమైన అడవి. ఆయన మనసు లెక్కల పుస్తకాల మీద కంటే అడవి పిట్టల మీదే ఎక్కువ ఉండేది. వ్యాపారం అచ్చిరాలేదు.

1917లో బొంబాయి వచ్చి, బతుకుతెరువు కోసం వాణిజ్య చట్టం, అకౌంట్స్ చదవడానికి ఒక కాలేజీలో చేరారు. సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ బ్లాటర్ అనే అధ్యాపకుడు ఆయన అసలు ఆసక్తి ఏమిటో పసిగట్టి జంతుశాస్త్రం చదవమని ప్రోత్సహించారు. సలీం అలీ ఒక కాలేజీలో అకౌంట్స్, మరో కాలేజీలో జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహమీనాతో ఆయన వివాహం జరిగింది.

జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగం ఉందని తెలిసి ప్రయత్నించారు. యూనివర్సిటీ డిగ్రీ లేదు కాబట్టి రాలేదు. మన దేశపు పక్షుల గురించి ఆయనంత తెలిసినవారు ఆనాడు చాలా కొద్దిమంది. అయినా కాగితం లేకపోతే కుర్చీ రాదు. ఇది మనకు కొత్త సంగతి కాదు.

1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా పని దొరికింది. జీతం నెలకు 350 రూపాయలు. రెండేళ్ళకు పై చదువు అవసరమనిపించి, సెలవు పెట్టి జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ మ్యూజియంలో ఎర్విన్ ష్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. సలీం అలీ తన గురువుగా చెప్పుకున్నది ఆయననే. పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగి వాటి వలసలను తెలుసుకునే పద్ధతి కూడా జర్మనీలోనే నేర్చుకున్నారు.

1930లో తిరిగి వచ్చేసరికి డబ్బు లేదని ఆ మ్యూజియం ఉద్యోగాన్నే తీసేశారు. వయసు ముప్పై నాలుగు. భార్య ఉంది. ఉద్యోగం లేదు. బొంబాయిలో బతకడం ఖరీదు కనుక భార్యాభర్తలిద్దరూ కిహీమ్ అనే సముద్రతీర గ్రామానికి మారారు. అక్కడ ఇంటి దగ్గరి చెట్టుకు గిజిగాడి గూళ్ళు వేలాడుతూ కనిపించాయి.

గిజిగాడి రహస్యం

ఉద్యోగం లేని మనిషికి సమయం దండిగా ఉంటుంది. సలీం అలీ ఆ సమయాన్ని గూళ్ళ దగ్గర తెరచాటున గంటల తరబడి కూర్చుని, చూసినదంతా నోటుపుస్తకంలో రాయడానికి వాడుకున్నారు. నెలల తరబడి అదే పని.

అలా చూస్తే తేలింది ఏమిటంటే, గూడు అల్లేది మగ గిజిగాడు. సగం గూడు కట్టి ఆపుతాడు. ఆడ పక్షులు వచ్చి లోపలికి దూరి, పట్టి చూసి, గూడు గట్టిగా ఉందో లేదో పరీక్షిస్తాయి. నచ్చితే ఒకటి ఉండిపోతుంది. నచ్చకపోతే వెళ్ళిపోతుంది. ఆడపక్షి ఒప్పుకున్నాకే మగపక్షి మిగతా గూడు, పొడవాటి ద్వారం పూర్తి చేస్తాడు. అది గుడ్లు పెట్టి పొదిగే పనిలో పడగానే, వాడు పక్కనే ఇంకో గూడు మొదలుపెట్టి మరో ఆడపక్షిని పిలుస్తాడు. ఇలా ఒకదాని తరువాత ఒకటిగా కాపురాలు పెడతాడు. దేశమంతా రోజూ చూసే పిట్ట గురించి ఈ సంగతులను శాస్త్రీయంగా విడమరిచి చెప్పింది 1931లో అచ్చయిన సలీం అలీ వ్యాసమే. ఆ వ్యాసంతో ఆయన పేరు శాస్త్రలోకానికి తెలిసింది.

ఆ పరిశోధనకు ఖరీదైన పరికరాలు ఏమీ వాడలేదు. కళ్ళు, ఓపిక, ఒక పుస్తకం, ఒక పెన్సిలు ఉంటే సరిపోయింది.

మన నేల మీద ఆయన అడుగులు

తరువాత ఆయన ఒక ఆలోచన చేశారు. ఆనాడు దేశంలో ఎన్నో సంస్థానాలు. వాటిలో ఏయే పక్షులు ఉన్నాయో ఎవరూ పద్ధతిగా లెక్క తీయలేదు. ప్రయాణం, బస ఖర్చులు మీరు భరిస్తే నేను జీతం లేకుండా సర్వే చేస్తానని సంస్థానాల వారికి తెలియజేశారు. ముందుగా ఒప్పుకున్న వాటిలో నిజాం పాలించే హైదరాబాద్ సంస్థానం ఒకటి.

1931-32లో ఆ సర్వే జరిగింది. నేటి తెలంగాణ దాదాపు అంతా అప్పుడు ఆ సంస్థానంలోదే. ఆయన, తెహమీనా కలిసి గుడారాలు వేసుకుంటూ తిరిగారు. అమ్రాబాద్ గుట్టల మీద మన్ననూరు, ఫరహాబాద్ అడవుల్లో పక్షులను పరిశీలించారు. శ్రీశైలం వెళ్ళే దారిలో బస్సు కిటికీలోంచి మనం చూసే నల్లమల అదే. ఆ సర్వే వివరాలు నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వరుసగా వచ్చాయి. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్ వంటి సంస్థానాల్లోనూ ఇలాగే పనిచేశారు.

ఈ సర్వేలలో ఆయనకు చాలా తోడ్పడినవారు హ్యూ విస్లర్ అనే ఇంగ్లీషు పోలీసు అధికారి. వాళ్ళ స్నేహం మాత్రం గొడవతో మొదలైంది. రెండు పొడవాటి తోక ఈకలుండే నల్లటి ఏట్రింత జాతి పక్షి గురించి విస్లర్ ఒక వ్యాసంలో రాశారు. ఆ ఈకల చివర లోపలి వైపు పీచు ఉండదన్నారు. పాత పుస్తకాలన్నీ అదే చెప్పాయి. అది తప్పని సలీం అలీ చూపించారు. ఈక కాడ మెలి తిరిగి ఉండటం వల్ల అలా అనిపిస్తుందని వివరించారు. ఒక కుర్ర భారతీయుడు తనను తప్పుపట్టడమా అని విస్లర్‌కు మొదట కోపం వచ్చింది. తరువాత తన దగ్గరున్న నమూనాలను మళ్ళీ తీసి చూసుకున్నారు. సలీం అలీ చెప్పిందే నిజమని ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఇద్దరూ ప్రాణస్నేహితులు. పుస్తకంలో అచ్చయిందంతా నిజం కాకపోవచ్చు. మళ్ళీ చూసి తప్పు ఒప్పుకోవడంలో చిన్నతనమూ లేదు. ఈ మాట గుర్తుంచుకోండి. కాసేపట్లో మళ్ళీ అవసరం పడుతుంది.

1939లో ఒక చిన్న ఆపరేషన్ తరువాత తెహమీనా చనిపోయారు. సలీం అలీకి అది పెద్ద దెబ్బ. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలి వరస కాదు, సొంత అక్క కమూ, బావగారి ఇంట్లో ఉంటూ పనిలో పడ్డారు. 1941లో భారతీయ పక్షుల మీద మామూలు మనుషులు చదువుకునే సచిత్ర గ్రంథం ప్రచురించారు. రంగుల బొమ్మలు చూసి ఎవరైనా పక్షిని గుర్తుపట్టేలా రాసిన ఆ పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. ఆ తరువాత అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షుల గురించి పది సంపుటాల గ్రంథం రాశారు. 1974లో అది పూర్తయ్యేనాటికి ఆయన వయసు డెబ్బై ఏడు దాటింది.

భరత్‌పూర్ నీళ్ళు

సలీం అలీ పేరుతో పాటు చెప్పుకోవలసిన చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్. అక్కడ సుమారు 29 చదరపు కిలోమీటర్ల చిత్తడి నేల ఉంది. మధ్యలో కేవలాదేవ్ అనే శివుని గుడి. ఆ పేరుతోనే కేవలాదేవ్ ఘనా అంటారు. ఘనా అంటే దట్టమైన అడవి. పక్కన ఉన్న అజాన్ బంద్ నుంచి వానాకాలంలో కాలువల ద్వారా నీళ్ళు వదులుతారు. నీళ్ళతో పాటు చేపపిల్లలు వస్తాయి. అప్పుడు నీళ్ళలో నిలబడ్డ తుమ్మచెట్ల నిండా కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు గూళ్ళు పెడతాయి. చలికాలం రాగానే హిమాలయాలు దాటి వేల సంఖ్యలో బాతులు దిగుతాయి. ఇక్కడ 350కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి.

ఒకప్పుడు అది భరత్‌పూర్ మహారాజా వారి వేట స్థలం. బాతులను కాల్చడానికి వైస్రాయిలు, దొరలు వచ్చేవారు. ఎవరు వచ్చినప్పుడు ఎన్ని పక్షులను కూల్చారో గుడి దగ్గర రాతి మీద చెక్కించి పెట్టారు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన రోజున 4,273 పక్షులను చంపినట్టు ఆ లెక్క చెబుతుంది. ఆ రోజు సలీం అలీ నలభై రెండో పుట్టినరోజు కావడం యాదృచ్ఛికం.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది. రాజుగారి వేట కోసం ఇంత నేల ఎందుకు, నీళ్ళు తోడేసి పొలాలుగా పంచాలని చుట్టుపక్కల వారు కోరారు. భూమి లేని వాళ్ళు భూమి అడగడం తప్పు అని మనం అనలేం. కానీ ఆ నీళ్ళు పోతే పక్షులకు ఇంకో చోటు లేదు. సలీం అలీ ప్రధానమంత్రి నెహ్రూ దాకా వెళ్ళి ఆ నేలను నిలబెట్టారు. 1956లో అది పక్షుల సంరక్షణ కేంద్రం అయింది. మహారాజా వారి వేట హక్కు మాత్రం 1972 దాకా కొనసాగింది. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో, 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

1960లలో సలీం అలీ బృందం అక్కడ పక్షులకు ఉంగరాలు తొడిగే పని పెద్ద ఎత్తున చేసింది. పక్షిని దెబ్బ తగలకుండా పట్టి, కాలికి తేలికపాటి అల్యూమినియం ఉంగరం వేసి వదిలేస్తారు. ఉంగరం మీద ఒక నంబరు, దొరికితే బొంబాయి సొసైటీకి తెలపమనే మాట ఉంటాయి. ఆ ఉంగరాలు కొన్ని సైబీరియాలో దొరికాయి. మన చెరువులో ఈదే బాతుకూ అంత దూరపు మంచునేలకూ ఉన్న బంధం అలా రుజువైంది. పక్షులను దెబ్బ తగలకుండా పట్టే పని చేసినవారిలో బీహార్ నుంచి వచ్చిన మీర్‌షికార్లు ముఖ్యులు. తరతరాలుగా పిట్టలను పట్టి బతికిన కులం వారిది. వారు పట్టకపోతే శాస్త్రవేత్తల చేతికి పక్షి వచ్చేది కాదు.

గేదెలు వెళ్ళిపోయాక

ఇప్పుడు ఒక బాధాకరమైన సంగతి. మహనీయుల జీవితాలు రాసేటప్పుడు ఇలాంటివి వదిలేయడం మామూలు. మేము వదలదలచుకోలేదు.

భరత్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎంతోకాలంగా ఆ చిత్తడిలో గేదెలను మేపుకునేవారు. గేదెలు తొక్కితే పక్షులకు నష్టమని సలీం అలీ, ఆయనలాంటి నిపుణులు భావించారు. జాతీయ పార్కుగా మారాక 1982లో మేతను నిషేధించారు. ఊళ్ళవాళ్ళు తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. కొందరు గ్రామస్థులు చనిపోయారు.

ఆ తరువాత జరిగింది ఎవరూ ఊహించలేదు. గేదెలు రాకపోయేసరికి నీటిగడ్డి విపరీతంగా పెరిగింది. తేటగా ఉండే నీళ్ళను చాపలా కప్పేసింది. బాతులకు ఈదే చోటు, చేపలు తినే పక్షులకు వేటాడే చోటు తగ్గాయి. నీటిపక్షులు ఎన్నో తగ్గిపోయాయి. దాదాపు పదేళ్ళ పాటు అక్కడ పరిశోధన చేసి ఈ సంగతి తేల్చింది సలీం అలీ జీవితమంతా పనిచేసిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీయే. గేదెలు గడ్డిని అదుపులో ఉంచి ఆ నీటికి మేలు చేస్తున్నాయని ఆ పరిశోధన చెప్పింది. తరువాతి కాలంలో ఊరివాళ్ళు లోపలికి వచ్చి గడ్డి కోసుకుపోవడానికి అనుమతించారు.

చదువు రాకపోతే గేదెలు కాసుకోమని మనలో చాలామందిమి తిట్లు తిన్నవాళ్ళమే. మన తల్లిదండ్రుల్లో గేదెలు కాసినవాళ్ళు ఎందరో. అందుకే భరత్‌పూర్ సంగతి చదివినప్పుడు మాకు గుండె బరువెక్కింది. గేదెలు కాసేవాళ్ళకు కూడా ఆ నీటి సంసారంలో ఒక పాత్ర ఉందని ఎవరూ ముందుగా అడిగి తెలుసుకోలేదు. అంత పెద్ద శాస్త్రవేత్త కూడా ఈ విషయంలో పొరబడ్డారు. అయితే ఆ పొరపాటును బయటపెట్టింది ఆయన నేర్పిన పద్ధతే. ఏళ్ళ తరబడి చూడడం, లెక్కపెట్టడం, రాయడం, తేలినది మనకు నచ్చకపోయినా ఒప్పుకోవడం. విస్లర్ దొర తోక ఈకను మళ్ళీ తీసి చూసుకున్నట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ చనిపోయినవారు తిరిగి రారు.

కలివికోడి

మన కడప జిల్లాలో జరిగిన సంగతి దీనికి మరో వైపు. కలివికోడి అనే పక్షి ప్రపంచంలో మన ప్రాంతంలోనే ఉండేది. 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. సలీం అలీ, సొసైటీవారు ఆశ వదులుకోలేదు. 1980లలో సొసైటీ పరిశోధకులు ఊరూరా తిరిగి, పక్షి బొమ్మ చూపించి, అడవిలో తిరిగే వేటగాళ్ళను అడిగారు. చివరకు 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో రాత్రిపూట అది దొరికింది. దొరకబట్టినవాళ్ళు స్థానిక వేటగాళ్ళే. ఎనభై ఆరేళ్ళ తరువాత కలివికోడి బతికే ఉందని లోకానికి తెలిసింది. అప్పటికి సలీం అలీ ఎనభై తొమ్మిదేళ్ళ వృద్ధుడు. తరువాత ఆ పక్షి కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

భరత్‌పూర్‌లో ఊరివాళ్ళను అడగలేదు. కడపలో అడిగారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మిగతాది ఎవరూ చెప్పనక్కరలేదు.

చివరి రోజులు

గుర్తింపు ఆలస్యంగా వచ్చినా నిండుగా వచ్చింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1976లోనే అంతర్జాతీయ పాల్ గెట్టీ బహుమతి వచ్చింది. ఆ డబ్బును ప్రకృతి పరిరక్షణ నిధికి ఇచ్చేశారు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి ఆనకట్ట కింద మునిగిపోకుండా కాపాడాలని గొంతు కలిపారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. కాలేజీ మొదటి ఏడాదిలో చదువు ఆపేసిన ఆయనకు మూడు విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్ ఇచ్చాయి. వాటిలో 1978లో ఇచ్చిన మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఒకటి. డిగ్రీ లేదని ఉద్యోగం రాని మనిషికి ఆ డాక్టరేట్ దక్కింది.

1987లో, తొంభై ఏళ్ళ వయసులో సలీం అలీ కన్నుమూశారు. 1990లో కోయంబత్తూరు దగ్గర ఆయన పేరిట పక్షి పరిశోధన కేంద్రం ఏర్పడింది. భరత్‌పూర్‌కు హిమాలయాలు దాటి వచ్చే తెల్లటి సైబీరియా క్రేన్‌లు మాత్రం 2001-02 చలికాలంలో ఒక జంటగా చివరిసారి కనిపించాయి. ఆ తరువాత రాలేదు. దారి పొడవునా వేట, నేలలు ఎండిపోవడం వాటిని మింగేశాయి. ఒక్క చోట కాపాడితే చాలదు.

భరత్‌పూర్‌లో ఇప్పుడు వచ్చినవారికి పక్షులను చూపించేవారిలో సైకిల్ రిక్షా తొక్కేవారు ఉన్నారు. పార్కువారు శిక్షణ ఇచ్చారు. ఏ పక్షి ఏ చెట్టు మీద గూడు పెట్టిందో, ఏది ఎప్పుడు వస్తుందో వాళ్ళు చెబుతారు. సలీం అలీ జీవితంలో మాకు బాగా నచ్చిన విషయాల్లో ఇదీ ఒకటి. ఆయన మొదలుపెట్టిన చూపు కాలేజీ గదుల్లో ఆగిపోలేదు.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట

మనకు బైనాక్యులర్లు లేవు. భరత్‌పూర్ వెళ్ళే చార్జీలు కూడా లేవు. ఫరవాలేదు. కొల్లేరు, నేలపట్టు, పులికాట్ మన ప్రాంతంలోనే ఉన్నాయి. అవీ దూరమైతే మన ఊరి చెరువు ఉంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పొద్దున్నే చెరువు గట్టున అరగంట కదలకుండా కూర్చోండి. పాత నోట్సులో మిగిలిన తెల్లకాగితాలు కుట్టుకుని తేదీ, సమయం, ఏ పక్షి, ఎన్ని, ఏం చేస్తోంది అని రాయండి. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్ళు రాయండి. ఊళ్ళో పెద్దవాళ్ళను ఆ పక్షిని ఏమంటారో అడగండి. గేదెలు కాసే తాతను, వలవేసే మామను ముఖ్యంగా అడగండి. మన పుస్తకాల్లో లేని సంగతులు వాళ్ళ దగ్గర ఉన్నాయి.

వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ పిల్లలు రాసిన చెరువుల లెక్కలు ఈ సంచికలో అచ్చు వేయాలని మా కోరిక. ఎవరి లెక్కలోనైనా తప్పు ఉంటే మళ్ళీ వెళ్ళి చూసి సరిదిద్దుకుందాం. సలీం అలీ గారికి మనం ఇవ్వగలిగిన నివాళి అదే.